హెడ్డాఫీసున నేను చూచిన చీర

(మహాసభయందు ఒక విద్యార్థి చేసిన ఉపన్యాసము)



 పెద్దలు కులచరిత్రమును గూర్చియు విద్యావ్యాప్తిని గూర్చియు సెలవిచ్చియున్నారు. నేను చెప్పదలచినది స్వల్పము. గత వేసవిలో బెంగుళూరునందలి యొక పెద్ద వస్త్రవర్తక సంస్థ హెడ్డాఫీసులో 8 వారములు ఇంటర్న్‌షిప్పు అనెడి శిక్షణ పొందితిని. అచట చూచినదానిని, మగ్గము గుంటలో కాళ్ళుంచి కూర్చుండు మనవారికి అక్కఱకు వచ్చు మేరకు విన్నవించెదను. ఆ సంస్థ పేరు ఈ సభలో నెత్తుట భావ్యము కాదు. అట్టి కార్యాలయములన్నియు నించుమించుగ నొక్క తీరుననే నడచును.

అంగడి యనునది మనకు క్రొత్త కాదు. ప్రొద్దుటూరు బంగారమునకును బట్టలకును పేరుపడిన వర్తకస్థానము. అచటి షావుకారు చీర మడత విప్పి, అంచును వ్రేళ్ళతో నలిపి, వెలుతురునకు పట్టి చూచి ధర కట్టును. ఆ ధర మా నాయనకు నచ్చిన దినములు తక్కువయే; అయినను చీరను చూడకయే ధర చెప్పినవానిని మేమెఱుగము. హెడ్డాఫీసులో మొదటి వారమంతయు నేను చీరను కంట చూడలేదు. చూచినవి అంకెలు మాత్రమే.

ప్రతి చీరకును నొక సంఖ్య గలదు. నల్లని గీతల చీటీపై ముద్రించిన ఆ సంఖ్యను యంత్రము చదివినంతనే రంగు, వెల, ఏ యంగడిలో నెన్ని మిగిలినవి యను పద్దు తెరపై నిలుచును. (ఇట్టి గీతలచీటీని అంగడిలో మొట్టమొదట చదివినది 1974 జూన్ 26న, అమెరికాలోని ఒహాయో రాష్ట్రమున, ఆనాడు అమ్మినది చీర కాదు, నమలెడి జిగురు బిళ్ళల పొట్లము!) నేను చూచిన పద్దులో సరకు పంపినవాని పేరు గలదు గాని, నేసిన యూరి పేరు లేదు; నేసినవాని పేరు అసలే లేదు.

సోమవారమునాడు పెద్ద యధికారులందఱును కూడి ఆ యంకెలను చదువుదురు. నూఱు చీరలు అంగళ్ళకు పోయిన వనుకొందము. మొదటి కొన్ని వారములలో పూర్తి వెలకు ఎన్ని యమ్ముడైనవి? ఇదియే వారి ప్రశ్న. ఎక్కువ పోయిన మరల తెప్పింతురు. నిలిచిపోయిన వెల తగ్గింతురు. అంతటితో ఆ రకమునకు స్వస్తి. ఇందు నిర్దయ యేమియు నాకు కనబడలేదు. నిలువ సరకునకు వడ్డీ పెరుగునని మన షావుకారులకును తెలియును. ఒక్క యంగడికి ఆయన మనసున చేయు లెక్కను వారు వందల యంగళ్ళకు యంత్రముచే చేయింతురు.

చిక్కు వేఱొకచోట వచ్చినది. చీరల కొనుగోలు చూచు నధికారిణి నేను నేతయింటి బిడ్డనని తెలిసి, "ఒకే రంగున 400 చీరలు మీ జమ్మలమడుగువారు పంపగలరా?" యని యడిగినది. నేను వివరించితిని: ఒక పడుగున వచ్చు చీరలు కొన్నియే, 400 చీరలనగా ఎన్నో యిండ్ల మగ్గములు, అద్దకము మారిన ప్రతిసారియు రంగున ఛాయాభేదము తప్పదు. ఆమె కోపగింపలేదు. ప్రతి యద్దకమునకును నొక చిన్న ముక్కను ముందుగా పంపినచో, ఏ ఛాయ ఏ యంగడికో తామే పంచుకొందుమనియు, చెప్పక పంపినప్పుడే మూటలు తిరుగుముఖము పట్టుననియు ననెను. తిరిగివచ్చిన మూటలకు రానుపోను బాడుగ ఎవరు పెట్టుకొనుచున్నారో ఈ సభలోని వారికి నేను చెప్పనక్కఱలేదు.

మూడవ వారమున నన్ను లెక్కల శాఖకు పంపిరి. నా శిక్షణలో సారమంతయు నచటనే యున్నది. సరకిచ్చినవారి బిల్లుల పద్దులో కొన్ని పేర్లకు ప్రక్కన నొక గుర్తు గలదు. ఆ గుర్తుగల బిల్లులు గడువునకు ముందే కదలుచుండెను. తక్కినవి నెలలకొలది పడియుండెను. విచారింపగా, అవి ఉద్యమ్ రిజిస్ట్రేషను గల చిన్న ఉత్పత్తిదారుల బిల్లులని తెలిసినది.

2006వ సంవత్సరపు చిన్నపరిశ్రమల చట్టము ప్రకారము, అట్టి ఉత్పత్తిదారుని సరకును అంగీకరించినవాడు వ్రాతమూలకమైన ఒడంబడిక యున్నను 45 దినములకు మించి సొమ్ము నిలుపరాదు; ఒడంబడిక లేనిచో 15 దినములే గడువు. మించినచో రిజర్వుబ్యాంకు ప్రకటించు బ్యాంకురేటునకు మూడురెట్ల చొప్పున, నెలనెలకు చక్రవడ్డి. చాలకాలము ఈ వడ్డీకి జడిసినవారు తక్కువ. 2023లో ఆదాయపుపన్ను చట్టమున నొక నిబంధన చేర్చిరి. గడువు దాటియు చెల్లింపని సొమ్మును ఆ యేటి ఖర్చుగా చూపవీలులేదని. అది 2024 ఏప్రిల్ 1 నుండి అమలునకు వచ్చినది. ఆ గుర్తు వెనుకనున్న శ్రద్ధ ఇట్లు పుట్టినది.

ఇచట మనవారు సావధానముగా వినవలసిన సంగతి యొకటి గలదు. కేవల వర్తకునికి 2021 నుండి ఉద్యమ్ నమోదు లభించుచున్నను, అది బ్యాంకు అప్పులకు మాత్రమే. బాకీల యాలస్యమును గూర్చిన రక్షణ ఆయనకు లేదు. కావున మన చీర మధ్యవర్తి బిల్లుపై పోయినప్పుడు ఆ 45 దినముల హక్కు దారిలోనే జారిపోవును. కూలిమగ్గము నేయువానికి బిల్లే లేదు. వాని మాట ఇక నేమని చెప్పుదును?

పెద్ద సంస్థ గనుక సొమ్మెక్కడికి పోవునను ధీమాయు పనికిరాదు. 1997లో చెన్నపట్టణమున మొదలై దేశమున 1,600 దాక అంగళ్ళు తెరచిన సుభిక్ష సంస్థ 2009లో రొక్కము లేక మూతపడినది.

పులివెందులలో 2021 డిసెంబరున ఆదిత్య బిర్లా ఫ్యాషన్ అండ్ రిటైల్ వారి దుస్తుల కర్మాగారమునకు శంకుస్థాపన జరిగిన సంగతి తమకు విదితమే. కుట్టుపని మన సీమకు వచ్చుట సంతోషమే. అయితే ఏది కుట్టవలెను, ఎంతకు, ఎన్నడు అను నిర్ణయములు జరుగు గదులు పట్టణములందే యుండును. ఆ గదులలో మన పిల్లలు కొందఱు కూర్చుండవలయును. మన విద్యార్థివేతనములు ఫీజులకే సరిపోవుచున్నవి. వేసవిలో ఇట్టి శిక్షణకు పోవువారికి బెంగుళూరున రెండు నెలల బస, భోజనముల వ్యయము భరించుటకు పోషకులు ముందునకు రావలెనని ప్రార్థించుచున్నాను. నాకు బస యిచ్చినది మేనమామ. అందఱకును మేనమామలు బెంగుళూరున నుండరు గదా!

రెండవ మనవి: ప్రొద్దుటూరు సంఘకార్యాలయమున వారమునకొక దినము, మగ్గము యజమానులకు నమోదు చేయించి, తేదీతో బిల్లు వ్రాసియిచ్చు గుమాస్తా నొకనిని నియమింపవలెను. నమోదునకు రుసుము లేదు. ఆధారు, పాన్ కార్డులు తేవలెను. ఒడంబడికలో అమ్ముడైన తరువాతనే సొమ్మను మాట యున్నదేమో సంతకమునకు ముందు ఆ గుమాస్తాయే చదివి చెప్పగలడు.

చట్టములోని ఆ ప్రకరణములను తెనుగున వ్రాసి కార్యదర్శిగారి కొప్పగించితిని. రావలసిన సొమ్ము నిలిచిపోయినవారు బిల్లుల నకళ్ళతో మధ్యాహ్నభోజనానంతరము ఉత్తరపు వసారాలోనికి వచ్చినచో, నేనును నా మిత్రులిద్దఱును తేదీలు చూచి లెక్కలు కట్టియిచ్చెదము.