డొరొతీ కేరీ మోసిన భారం

మతప్రచారకుడు పరాయి దేశంలో ఎలా కుదురుకున్నాడో చరిత్ర వివరంగా చెబుతుంది. వెంట వెళ్లిన ఇల్లాలిని మాత్రం ఒకటి రెండు వాక్యాలతో సరిపెడుతుంది. ఆమెను పక్కన పెడితే ఆ కథ సగమే తెలుస్తుంది. మతప్రచారకుడు విలియం కేరీ కుటుంబాన్నే చూడండి. 1793లో ఇంగ్లండు విడిచి రావడానికి భార్య డొరొతీ మొదట ఒప్పుకోలేదు. చంటిబిడ్డ తల్లి ఆమె. తోబుట్టువు తోడు వస్తానన్నాకే ఓడెక్కింది. బెంగాల్ చేరిన కొద్దికాలానికే డబ్బు అయిపోయింది. చోటు మీద చోటు మారుతూ సుందరబన్ల దాకా వెళ్లారు. ఆమెకూ పిల్లలకూ రక్తవిరేచనాలు పట్టుకున్నాయి. చివరికి మద్నబాటి నీలిమందు కర్మాగారంలో కేరీకి ఉద్యోగం దొరికింది. అక్కడే 1794లో అయిదేళ్ల కొడుకు పీటర్ చనిపోయాడు. కులం కట్టుబాట్ల భయంతో ఆ పసివాడి శవం మోయడానికి కూడా మనుషులు దొరకడం గగనమైంది. ఆ తరువాత డొరొతీ మతి చలించింది. 1807లో మరణించేదాకా కోలుకోలేదు.

ఆ జబ్బు ఇంగ్లండులో ఉన్నా వచ్చేదేమో అనవచ్చు. కాదనలేం, అక్కడా ఆమె బిడ్డలను పోగొట్టుకుంది. కానీ అక్కడ భాష తెలిసిన ఇరుగుపొరుగు ఉంది, అయినవాళ్లున్నారు. త్యాగం లేనిదే పని జరగదని ఇంకొందరంటారు. జరిగినదేమో వేరు. 1800లో శ్రీరాంపూర్‌లో తోటి మతప్రచారకులు మార్ష్‌మన్, వార్డ్‌లతో కలిసి ఉమ్మడి సంసారం పెట్టాకే కేరీ పని ఊపందుకుంది. మరుసటి ఏడే బెంగాలీ కొత్త నిబంధన అచ్చయింది. 1814లో ఆయన తెలుగు వ్యాకరణమూ వెలువడింది. ఆ ఇంట్లో కేరీ కొడుకుల ఆలనాపాలనా చూసింది మార్ష్‌మన్ భార్య హానా.