రెండు దీవులు, రెండు ఏలుబడులు
(ఎలమంచిలిలో చేసిన స్మారకోపన్యాసం)



ఎవరి పేరిట మనం ఇక్కడ కూడామో ఆ మాస్టారు పిల్లలకు చరిత్ర చెప్పినవారు. మాట్లాడే విషయానికి ఈ ప్రాంతంతో సంబంధం ఉండాలి, అది ఈ ప్రాంతం దగ్గరే ఆగిపోకూడదు అని ఆయన కుటుంబం కోరింది. అందుకే మన జనం వెళ్లి స్థిరపడిన రెండు దీవుల గురించి మాట్లాడతాను. ఒకటి స్వతంత్ర దేశం. రెండోది ఇప్పటికీ ఫ్రాన్సులో భాగం. ఒకే రకం మనుషులు, ఒకే పంట, ఒకే సముద్రం. ఏలుబడి మాత్రం వేరు. సొంత దేశంగా బతకడానికీ, పెద్ద దేశానికి అనుబంధంగా బతకడానికీ తేడా ఏమిటో తెలుసుకోవాలంటే ఇంతకన్నా మంచి జంట దొరకదు.

1. చెరకు తీసుకెళ్లిన దారి

మనది చెరకు నేల. అనకాపల్లి బెల్లం మార్కెట్టు దేశమంతా ఎరిగినదే. సహకార పద్ధతిలో చక్కెర మిల్లు నడుపుకున్న ఏటికొప్పాక మనకు కూతవేటు దూరం. ఆ చెరకే మన ముందు తరాలను ఓడ ఎక్కించింది.

మడగాస్కర్‌కు తూర్పున, ఒకదానికొకటి సుమారు 200 కిలోమీటర్ల ఎడంలో మారిషస్, రీయూనియన్ ఉన్నాయి. మారిషస్ ప్రధాన ద్వీపం 1,865 చదరపు కిలోమీటర్లు, రీయూనియన్ 2,512. విస్తీర్ణంలో రెండూ మన జిల్లాల పాటివి. రెండింటినీ ఫ్రెంచివాళ్లే ఏలారు, రెండు చోట్లా బానిసల చేత చెరకు పండించారు. 1810లో బ్రిటిష్ సేనలు రెండింటినీ పట్టుకున్నాయి. 1814 పారిస్ ఒప్పందంలో మారిషస్‌ను తమ దగ్గర ఉంచుకుని, అప్పట్లో బూర్బన్ అని పిలిచే రీయూనియన్‌ను ఫ్రాన్సుకు తిరిగి ఇచ్చేశారు. ఎక్కడో యూరపులో జరిగిన ఆ పంపకమే రెండు దీవుల దారులను వేరు చేసింది.

బానిసత్వం పోయాక తోటలకు కూలీలు కావలసి వచ్చారు. మారిషస్‌లో 1835లో, రీయూనియన్‌లో 1848లో బానిసత్వం రద్దయింది. రీయూనియన్ తోటల యజమానులు అంతకు ముందే, 1828-29 నాటికే, ఫ్రెంచి యానాం నుంచి ఒప్పందం మీద తెలుగు కూలీలను తీసుకెళ్లారు. మారిషస్‌కు 1834 నుంచి ఒప్పందపు కూలీల ఓడలు మొదలయ్యాయి. మొత్తం మీద నాలుగున్నర లక్షలకు పైగా భారతీయులు ఆ దీవిలో దిగారు. ఎక్కువమంది బిహారు, భోజ్‌పురి ప్రాంతాలవాళ్లు. మన గంజాం, విశాఖపట్నం, గోదావరి జిల్లాల జనం కోరింగ, మద్రాసు రేవుల మీదుగా వెళ్లారు. పోర్ట్ లూయీలో వాళ్లు దిగిన చోటు, ఇప్పటి ఆప్రవాసీ ఘాట్, 2006 నుంచి యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలం.

రంగం (రంగూన్) వెళ్లినవాళ్ల కథలు మన ఇళ్లలో ఇంకా వినిపిస్తాయి. బర్మా నుంచి చాలామంది తిరిగి వచ్చారు కాబట్టి ఆ కథలు మిగిలాయి. చెరకు దీవులకు పోయినవాళ్లలో మన వైపు తిరిగి వచ్చినవారు తక్కువ. వాళ్ల సంగతులు ఇక్కడ చెప్పేవాళ్లు లేకపోయారు.

2. రెండు నిర్ణయాలు

1946 మార్చి 19న రీయూనియన్ ఫ్రాన్సు జిల్లాగా మారింది. ఇది పారిస్ పెత్తనం కోసం చేసిన పని అనుకుంటే పొరపాటు. అడిగినవాళ్లు వలస పాలనను ఎదిరించిన వామపక్షీయులు. మార్టినీక్ కవి ఎమే సెజేర్ పార్లమెంటులో ఆ బిల్లుకు వాదించాడు. పారిస్ కార్మికుడికి ఉన్న హక్కులన్నీ చెరకు కూలీకి కూడా దక్కాలన్నది వాళ్ల ఆశ. ఆ సమానత్వం ఎంత నెమ్మదిగా వచ్చిందో చెప్పడానికి ఒక్క తేదీ చాలు. రీయూనియన్‌లో కనీస వేతనం ఫ్రాన్సుతో సమానమైంది 1996 జనవరి 1న. హామీకీ అమలుకూ మధ్య యాభై ఏళ్లు. ఈలోగా 1959లో పోల్ వెర్జెస్ నాయకత్వంలో ఏర్పడిన రీయూనియన్ కమ్యూనిస్టు పార్టీ స్వయంపాలన అడగడం మొదలుపెట్టింది.

మారిషస్ స్వాతంత్ర్యం కూడా అందరూ చేతులెత్తి కోరుకున్నది కాదు. 1967 ఎన్నికల్లో దాదాపు 44 శాతం ఓట్లు స్వాతంత్ర్యం వద్దన్న పక్షానికి పడ్డాయి. హిందువుల ఆధిపత్యం వస్తుందని మైనారిటీల భయం. అయినా శివసాగర్ రామ్‌గులామ్ నాయకత్వంలో 1968 మార్చి 12న, దండి యాత్ర మొదలైన రోజునే, కొత్త జెండా ఎగిరింది. దానికి ఒక ధర కట్టవలసి వచ్చింది. స్వాతంత్ర్యానికి ముందే, 1965లో, బ్రిటన్ ముప్పై లక్షల పౌండ్లు ఇచ్చి చాగోస్ దీవులను మారిషస్ నుంచి విడదీసింది. డియెగో గార్సియాలో అమెరికా స్థావరం కోసం అక్కడి జనాన్ని 1973 నాటికల్లా పూర్తిగా ఖాళీ చేయించారు. ఆ విభజన చట్టబద్ధం కాదని అంతర్జాతీయ న్యాయస్థానం 2019లో అభిప్రాయం చెప్పింది. ఆ కేసు నడిపించగలిగింది మారిషస్ దేశం కాబట్టే. ఏ దేశమూ కాని జనం ఆ గుమ్మం ఎక్కలేరు.

3. కూటి లెక్క

ఆదాయమే కొలమానమైతే తీర్పు సులువు. తలసరి ఉత్పత్తిలో రీయూనియన్ మారిషస్‌కు రెట్టింపుకు మించి ఉంది. వీధి బడి నుంచి విశ్వవిద్యాలయం దాకా, ఆసుపత్రి నుంచి వృద్ధాప్య పింఛను దాకా ఫ్రాన్సు ప్రమాణాలే. 2002 జనవరి 1న కాలమానం ప్రకారం ముందు తెల్లవారింది అక్కడ కాబట్టి, యూరోతో తొలి కొనుగోలు కూడా ఆ దీవి బజారులోనే జరిగింది. కొన్నది లిచీ పళ్లు. ఆఫ్రికా పక్కన ఉన్న దీవిలో యూరపు నోటు అలా చెల్లింది.

ఈ లెక్కకు రెండో వైపు ఉంది. రీయూనియన్ జనంలో మూడింట ఒక వంతుకు పైగా ఫ్రాన్సు గీసిన పేదరికపు గీత కింద ఉన్నారు. నిరుద్యోగం ఫ్రాన్సు సగటుకు రెట్టింపు. ప్రభుత్వ ఉద్యోగికి ఫ్రాన్సు జీతం మీద 53 శాతం అదనంగా వస్తుంది. ఆ ఉద్యోగం లేనివాడు మాత్రం సముద్రం దాటి వచ్చిన సరుకును అంత ధరా పెట్టి కొనాలి. 2018 నవంబరులో ధరల మీద జనం రోడ్డెక్కితే రాత్రి కర్ఫ్యూ పెట్టవలసి వచ్చింది. ఇంకా బాధాకరమైన అధ్యాయం ఒకటుంది. 1960ల నుంచి 1980ల మధ్య రెండు వేల మందికి పైగా పిల్లలను దీవి నుంచి తీసుకెళ్లి, జనం తగ్గిపోయిన ఫ్రాన్సు పల్లెల్లో పెట్టారు. మిగతా ఏ ఒక్క జిల్లాకన్నా క్రేజ్ జిల్లాకు ఎక్కువమంది వెళ్లారు. దీని మీద ఫ్రాన్సు జాతీయ సభ నైతిక బాధ్యత ఒప్పుకున్నది 2014లో.

మారిషస్ సంగతి చూద్దాం. చెరకు ఒక్కటే నమ్ముకున్న ఈ దీవికి భవిష్యత్తు లేదని 1960ల మొదట్లో ఆర్థికవేత్త జేమ్స్ మీడ్ హెచ్చరించాడు. చేతిలో చట్టం చేసే అధికారం ఉంది కాబట్టి 1970లో ఎగుమతి మండలం పెట్టి బట్టల మిల్లులు తెచ్చుకుంది. 1982లో భారత్‌తో పన్నుల ఒప్పందం చేసుకుని మన స్టాక్ మార్కెట్టుకు పెట్టుబడుల దారిగా మారింది. ఆ దారిలో మన ఖజానాకు గండి పడిందన్న విమర్శ న్యాయమైనదే. 2016లో ఒప్పందాన్ని సవరించారు. మంచో చెడో, ఆ బేరం ఆడింది పోర్ట్ లూయీ. రీయూనియన్ అలాంటి బేరం ఆడలేదు. దాని పన్నులు, ఒప్పందాలు, వీసాలు పారిస్‌లో, బ్రసెల్స్‌లో తేలతాయి.

4. పేరు లెక్క

ఇక మన వాళ్ల మాట. మారిషస్‌లో ఉగాది జాతీయ సెలవు దినం. జనాభా లెక్కల్లో భాష అడిగే చోట తెలుగుకు వేరే గడి ఉంది. ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలల్లో తెలుగు ఐచ్ఛికంగా చెబుతారు. మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో తెలుగు శాఖ ఉంది. మారిషస్ ఆంధ్ర మహాసభ స్వాతంత్ర్యం రాకముందే పుట్టింది. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. అన్నిటికన్నా మన పాత విశాఖ జిల్లా జనం వినవలసిన సంగతి ఒకటుంది. వాళ్లు ఇప్పటికీ సింహాద్రి అప్పన్నను కొలుస్తారు. అమ్మోరు పండుగ చేస్తారు. దీపం చుట్టూ తిరుగుతూ రాత్రంతా రామభజన చేస్తారు. సింహాచలం కొండను ఎన్నడూ చూడని ఐదో తరం, ఆరో తరం మనుషులు వీళ్లు.

రీయూనియన్‌లో యానాం నుంచి ముందుగా వెళ్లింది తెలుగువాళ్లే అయినా, తరవాత పుదుచ్చేరి, కారైకాల్, మద్రాసుల నుంచి వచ్చిన తమిళుల్లో కలిసిపోయారు. పిల్లలకు ఫ్రెంచి పేర్లు వచ్చాయి. గుళ్లు నిలిచాయి, నిప్పుల గుండం తొక్కడం నిలిచింది, భాష నిలవలేదు. ఫ్రెంచి గణతంత్రం పౌరులను జాతుల వారీగా లెక్కపెట్టదు. వివక్షకు తావు ఇవ్వకూడదన్న ఆదర్శం దాని వెనక ఉంది. లెక్కలో లేని భాషకు పంతులు మాత్రం రాడు.

మారిషస్‌ను మరీ పొగడకూడదు. అక్కడి తెలుగు కుటుంబాల్లో ఇంటి మాట క్రియోల్. తెలుగు బడిలోనూ గుడిలోనూ బతుకుతోంది. జాతుల లెక్క రాజకీయాల్లోకి వచ్చాక, టికెట్లు, పదవులు కూడా ఆ లెక్కనే పంచుకుంటారు. మన కులాల లెక్క ఎరిగినవాళ్లకు దీన్ని వివరించనక్కరలేదు.

5. ఆపద వచ్చినప్పుడు

ఏలుబడి నాణ్యత ఆపదలో తెలుస్తుంది. 2005-06లో చికున్‌గున్యా రీయూనియన్‌ను చుట్టబెట్టింది. జనంలో మూడో వంతుకు జ్వరం సోకింది. వైద్యులు, నిధులు చివరికి వచ్చాయి. ఫ్రాన్సు ప్రధాని 2006 ఫిబ్రవరిలో వచ్చాడు. పారిస్‌కు విషయం ఆలస్యంగా తలకెక్కిందన్న కోపం దీవి మనసులో ఉండిపోయింది.

2020 జులై 25న వకాషియో అనే ఓడ మారిషస్ పగడపు దిబ్బల మీద ఎక్కి, పది పన్నెండు రోజులకు నూనె కక్కింది. చిన్న దేశం దగ్గర తగిన పరికరాలు లేవు. ఫ్రాన్సును అడిగితే రీయూనియన్ నుంచి విమానం, ఓడ వచ్చాయి. మన కోస్ట్ గార్డు బృందం కూడా వెళ్లింది. ఈలోగా జనం, అధికారులకు వదిలేయమని ప్రభుత్వం చెప్పినా వినకుండా, చెరకు ఆకులు గోనె సంచుల్లో కుక్కి నీటి మీద అడ్డుకట్టలు తేల్చారు. ఆగస్టు 29న పోర్ట్ లూయీ వీధులు నిండేలా ఊరేగి తమ ప్రభుత్వాన్నే జవాబు అడిగారు. ఆ దేశంలో పాలకుల్ని దించడం కొత్త కాదు. 1982లోనూ 1995లోనూ ప్రధాన ద్వీపంలోని 60 స్థానాలకు 60 ప్రతిపక్షానికి ఇచ్చారు. రీయూనియన్ ఓటరుకూ ఓటు ఉంది. జాతీయ సభలో ఉన్న 577 మందిలో ఆ దీవి సభ్యులు ఏడుగురు. వాళ్లు మొత్తం ఫ్రాన్సు ప్రభుత్వాన్ని దించలేరు.

నా అభిప్రాయం ఇక్కడ చెబుతాను. కూడు, మందు, చదువు కొలిస్తే రీయూనియన్ ముందుంది, దాన్ని చిన్నచూపు చూడడానికి వీల్లేదు. అధికారాన్ని నిలదీసే దూరం కొలిస్తే మారిషస్ ముందుంది. భాషలూ సంప్రదాయాలూ బతికేది ఆ రెండో కొలతలోనే. తెలుగు పంతులు కావాలని అడిగితే వినవలసిన మంత్రి బస్సు దూరంలో ఉండడం వల్లే అక్కడ తెలుగు తరగతి మిగిలింది.

6. మన దగ్గరి దీవి

ఈ ప్రశ్న పరాయిదేం కాదు. విశాఖ రేవు నుంచి ఓడ ఎక్కితే అండమాన్. మన ఉత్తరాంధ్ర జనం ఎందరో అక్కడ చేపల వేటలో, కూలిపనుల్లో, వ్యాపారంలో స్థిరపడ్డారు. అది కేంద్రపాలిత ప్రాంతం. శాసనసభ లేదు. లోక్‌సభలో ఒక్క సభ్యుడు. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ పేరును శ్రీవిజయపురంగా మార్చిన ప్రకటన ఢిల్లీ నుంచి వచ్చింది. పేరు మంచిదా కాదా అన్నది వేరే చర్చ. ఆ దీవులవాళ్లు ఎన్నుకున్న శాసనసభ ఏదీ దాని మీద ఓటు వేయలేదు, ఎందుకంటే అలాంటి సభ లేదు. రీయూనియన్ గురించి సానుభూతి చూపే ముందు మన ఇంట్లో ఈ లెక్క కూడా చూసుకోవాలి.

7. చేయవలసిన పని

మళ్లీ మారిషస్‌కు వస్తే, మోకాలోని మహాత్మా గాంధీ సంస్థ దగ్గర ఒప్పందపు కూలీల రిజిస్టర్లు భద్రంగా ఉన్నాయి. పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా, ఊరు రాసి ఉంటాయి. 1860ల నుంచి ఫొటోలు కూడా తీశారు. అక్కడి మునిమనవలు ఆ కాగితం పట్టుకుని మన వైపు ఊళ్లు వెతుక్కుంటారు. తెలుగు రాని గుమాస్తా చెవికి తోచినట్టు రాసిన ఊరి పేరును గుర్తుపట్టగలిగేది ఇక్కడివాళ్లే. ఇక్కడున్న కళాశాల చరిత్ర అధ్యాపకులకూ విద్యార్థులకూ నా విజ్ఞప్తి: ఎలమంచిలి, రాంబిల్లి, నక్కపల్లి, అచ్యుతాపురం చుట్టుపక్కల ఊళ్ల పాత పేర్లు, శివారు పల్లెల పేర్లు, ఇంటిపేర్లు ఒక జాబితాగా రాయండి. పెద్దవాళ్లను అడిగి, పాత రెవెన్యూ కాగితాలతో సరిచూసి, దాన్ని మోకాకు పంపండి. ఖర్చు పెద్దగా ఉండదు. వచ్చే ఏడాది ఈ వేదిక మీద ఉపన్యాసానికి బదులు ఆ జాబితా విడుదలైతే మాస్టారి స్మృతికి అంతకన్నా తగిన నివాళి ఉండదు.