పని విలువ ఎవరు కడుతున్నారు?



సమాన వేతనం అనగానే ఒకే పనికి ఆడవాళ్లకొక కూలి, మగవాళ్లకొక కూలి ఇవ్వడమే మనకు గుర్తొస్తుంది. వ్యవసాయ కూలి పోరాటాలు మనకు నేర్పింది అదే. కాని స్త్రీలు ఒక పనిలో, పురుషులు మరో పనిలో ఉన్నప్పుడు ఎవరిని ఎవరితో పోల్చాలి? బ్రిటన్‌లో స్థానిక ప్రభుత్వాల కింద పనిచేసే స్త్రీలు ఏళ్ల తరబడి కోర్టుల్లో తేల్చుకున్నది ఈ ప్రశ్ననే.

అక్కడి 1970 సమాన వేతన చట్టంలోకి ‘సమాన విలువ గల పని’ అన్న మాట 1984లో అమల్లోకి వచ్చింది. అదీ యూరోపియన్ కోర్టు తప్పుపట్టాక. దాంతో బడిలో వంట చేసే స్త్రీ, వీధుల్లో చెత్త ఎత్తే పురుషుడితో తన జీతాన్ని పోల్చి అడగగలిగింది. బర్మింగ్‌హామ్‌లో ఇద్దరిదీ ఒకే గ్రేడు. కాని చెత్త ఎత్తేవాళ్లకు, సమాధులు తవ్వేవాళ్లకు బోనసులు వచ్చేవి. వంట, శుభ్రత, వృద్ధుల సేవ చేసే స్త్రీలకు రాలేదు.

గ్లాస్గోలో వివక్ష ఇంకా నాజూకైనది. అక్కడి కౌన్సిల్ తెచ్చిన కొత్త వేతన విధానంలో వారానికి 37 గంటలు పనిచేసేవాళ్లకు అదనపు పాయింట్లు ఇచ్చారు. ఆ నిబంధనలో ఆడ, మగ అన్న మాటే లేదు. కాని పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు ఇళ్లకు వెళ్లి వృద్ధులకు సేవచేసే స్త్రీలకు 37 గంటల ఉద్యోగం ఎవరిచ్చారు గనక? 2018 అక్టోబరు 23, 24 తేదీల్లో ఎనిమిది వేలమందికి పైగా స్త్రీలు సమ్మె చేశారు. చెత్త ఎత్తే మగ కార్మికులు చాలామంది వాళ్ల పికెటింగ్‌ను దాటి పనికి వెళ్లలేదు. 2019లో కౌన్సిల్ సుమారు 50 కోట్ల పౌండ్లకు రాజీపడింది.

యూనియన్లన్నీ మొదటి నుంచీ ఇట్లా నిలబడలేదు. మిడిల్స్‌బ్రోలో జి.ఎం.బి. యూనియన్ మిగతా వాళ్ల జీతాలు కాపాడే తొందరలో స్త్రీల పాత బకాయిలను తక్కువకే ఒప్పించింది. అది పరోక్ష వివక్షేనని 2008లో అప్పీలు కోర్టు చెప్పింది. మన సంఘాల్లోనూ ఈ తీర్పును చదివి చర్చించాలి.

2023 సెప్టెంబరులో బర్మింగ్‌హామ్ కౌన్సిల్ చేతులెత్తేసినప్పుడు, ఆడవాళ్ల కేసులే నగరాన్ని దివాలా తీయించాయన్నారు. నేనట్లా చూడను. అది ఏళ్లుగా వాళ్లకు ఇవ్వకుండా ఎగ్గొట్టిన జీతం.

ఇక మన సంగతి. సమాన విలువను గుర్తించే ఐ.ఎల్.ఓ. 100వ ఒడంబడికను భారతదేశం 1958లోనే ఆమోదించింది. కాని మన 1976 చట్టం ‘అదే పని లేక అటువంటి స్వభావం గల పని’ దగ్గరే ఆగింది. దాని స్థానంలో తెచ్చిన 2019 వేతనాల కోడ్‌లోనూ అవే మాటలు. మన మునిసిపాలిటీల్లో రోడ్లు ఊడ్చేది ఎక్కువగా స్త్రీలు, లారీ నడిపేది పురుషులు. ఆమె పని అతని పని లాంటిది కాదు అంటే ఇక కేసే లేదు.

కార్మిక శాఖకు మనం ఇచ్చే వినతిపత్రంలో ‘సమాన విలువ’ అన్న మాట చేర్చాలని, ప్రతి మునిసిపాలిటీ నుంచి ఏ పనిలో ఎందరు స్త్రీలు, ఎంత జీతం, కాంట్రాక్టరు ద్వారానా నేరుగానా అన్న లెక్క సమాచార హక్కు కింద అడగాలని నా ప్రతిపాదన.