మందు పనిచేయకపోయినా సేవ ఆగకూడదు

తోర్వా అక్కలారా, అన్నలారా, పెద్దలారా! మనలో చాలామంది తాతలు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి రైలు పని కోసం బిలాస్‌పూర్ వచ్చినవాళ్లే. బతకడానికి ఇంత దూరం వచ్చిన మనిషి ఆఖరి రోజుల్లో నొప్పితో ఒంటరిగా మూలగకూడదు. ఈరోజు నేను చెప్పేది అదే.

"ఇక చేసేదేమీ లేదు, ఇంటికి తీసుకెళ్లండి" అంటారు. కాన్సర్ తగ్గకపోవచ్చు గానీ, చేయాల్సింది చాలా ఉంటుంది. ఆ పనే పాలియేటివ్ నర్సింగ్. నిజానికి జబ్బు బయటపడిన రోజు నుంచే అది మొదలవ్వాలి.

నర్సు ముందు నొప్పి సున్నా నుంచి పది దాకా ఎంతుందో అడుగుతుంది. డాక్టర్ రాసిన మార్ఫిన్ మాత్రను వేళ ప్రకారం, సాధారణంగా నాలుగు గంటలకోసారి వేయిస్తుంది. నొప్పి ముదిరేదాకా ఆగదు. దానివల్ల మలబద్ధకం వస్తుంది కాబట్టి విరేచనం మందు కూడా అడుగుతుంది. గుట్కాతో నోటి కాన్సర్ వచ్చిన మనిషి పుండు వాసన కొడుతుంటే శుభ్రం చేసి, మెట్రోనిడజోల్ పొడి చల్లుతుంది. వాసన తగ్గుతుంది, మనుషులు మళ్లీ దగ్గర కూర్చుంటారు. మంచం పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం ఇంట్లోవాళ్లకు నేర్పుతుంది.

కాన్సర్ అంటువ్యాధి కాదు. అయినా వేరే కంచం, వేరే గ్లాసు పెట్టి మూలన పడేసే ఇళ్లున్నాయి. అంటరానితనం ఎంత చేదో తెలిసిన మనం, మన ఇంట్లో మనిషిని వెలివేయొచ్చా? విరేచనాలతో తన మలంలోనే పడి ఉన్న భిక్షువును ఎవరూ పట్టించుకోకపోతే, బుద్ధుడు ఆనందుడితో కలిసి స్వయంగా కడిగాడు. బాబాసాహెబ్ 'బుద్ధుడు-ఆయన ధమ్మం'లో రోగుల పట్ల బుద్ధుడి శ్రద్ధ గురించి ప్రత్యేకంగా రాశారు. అలాగని ఈ సేవంతా ఇంటి కోడలి నెత్తినే వేయడం న్యాయం కాదు.

మార్ఫిన్ అలవాటైపోతుందని భయపడకండి. డాక్టర్ చెప్పినట్టు నొప్పికి వాడితే అది మందే. 1985 మాదకద్రవ్యాల చట్టం వల్ల మార్ఫిన్ దొరకడం కష్టమైంది. 2014 సవరణతో గుర్తింపు పొందిన ఆసుపత్రులకు అనుమతి సులువైంది. కేరళలో 1993లో కోళికోడ్‌లో మొదలైన ప్రయత్నం 2008లో ప్రభుత్వ విధానమైంది. అక్కడ పంచాయతీ నర్సులు ఇళ్లకే వెళ్తారు. హైదరాబాద్ ఎంఎన్‌జే ఆసుపత్రిలోనూ ఈ విభాగం ఉంది.

మనమూ అడగాలి. రైల్వే ఆసుపత్రిలో, సిమ్స్‌లో మార్ఫిన్ మాత్ర ఇస్తారా? శిక్షణ పొందిన నర్సు ఉందా? ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్‌లు ఇవ్వాల్సిన సేవల్లో పాలియేటివ్ కేర్ ఉంది. మరి మన బస్తీకి ఎవరొస్తున్నారు? రైల్వే మెడికల్ కార్డు లేని కాంట్రాక్టు సఫాయి కార్మికుడి గుమ్మం దాకా ఆ నర్సు రావాలి. ఇది దయ కాదు, హక్కు. అర్జీ రాద్దాం, అందరం సంతకాలు పెడదాం.

జై భీమ్.