ఆదిలాబాదు జొన్నకూడు

ఆదిలాబాదు ప్రాంతపు సంతలో గోండి, కొలామి, మరాఠీ, తెలుగు, ఉర్దూ, లంబాడీ భాషలు ఒక్కచోట వినవచ్చును. ఇన్ని భాషలవారికిని చిరకాలము ఆధారమైన ధాన్యము జొన్న. ఆ పిండిని చేతితో తట్టి కాల్చి మరాఠీలు భాకరి యందురు, తెలుగువారు రొట్టె యందురు. రవ్వను గటకగా వండి పప్పుతో భుజించుటయు కలదు. చొప్ప ఎడ్లకు మేత. క్రొత్త పంటను వేల్పులకు నివేదింపక గోండులు నోట నిడరు.

1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినది. నల్లరేగడి చేలను క్రమముగా ప్రత్తి ఆక్రమించినది. బియ్యము ఆకలి తీర్చినమాట నిజము. ప్రత్తి రూకలు తెచ్చినమాటయు నిజము. కాని కొనితెచ్చిన ధాన్యము క్రొత్తపంట కాజాలదు. ప్రత్తిచేనిలో నాలుగు సాళ్లయినను జొన్న విత్తుకొన్నచో ఎడ్లకు చొప్పయు, వేల్పులకు తొలికంకియు, ఇంటికి రొట్టెయు మిగులును.