సరస్సుల తేటనీరు



వానకాలమున కాలువనీరు బురదగా వచ్చినపుడు మన పల్లెటూళ్లలో కుండలోపల చిల్లగింజను అరగదీయుట పెద్దలనేకులెరిగినదే. రాత్రి గడచి తెల్లవారునప్పటికి మన్ను అడుగంటి, పైన తేటనీరు నిలుచును. సంస్కృతమున దీనికే కతకమని పేరు. మనుస్మృతియందు సైతము దాని ప్రసక్తి కలదు. ఆ గింజలో మాయ యేమియు లేదు. తమంత తాము దిగజాలని సన్నని నలుసులు దానివలన ఒకదానినొకటి అంటుకొని, బరువెక్కి, అడుగునకు దిగిపోవును. కుండ సంగతి యింతే. సరస్సు సంగతి యింత సులువు కాదు.

బొగ్గును, నేలనూనెలను విరివిగా కాల్చుటచే బొగ్గుపులుసు వాయువు పెరిగి, భూమిపై వేడిమి హెచ్చుచున్నదని అందరును వినుచునే యున్నారు. ఆ వేడిమి సరస్సులలోని నీటి తేటను, అందలి జీవకోటిని ఎట్లు మార్చుచున్నదో చెప్పుటకు రెండు సరస్సులను గైకొనెదను. ఒకటి అమెరికాలోనిది, వేరొకటి ఆఫ్రికాలోనిది. రెంటికిని తగిలిన తాప మొక్కటియే. ఫలితము మాత్రము పరస్పర విరుద్ధము.

ముందుగా తేటను కొలుచు విధము. ఇది వినుటకు పిల్లల యాటవలె నుండును. 1865లో ఆంజెలో సెక్కి యను ఇటలీదేశపు మతాచార్యుడు, జ్యోతిశ్శాస్త్రవేత్త కూడ నైనవాడు, మధ్యధరాసముద్రమున ఓడపైనుండి తెల్లని బిళ్లలను త్రాటితో దింపి, అవి యెంతలోతున కంటికి మరుగగునో చూచెను. ఎన్ని యంత్రములు వచ్చినను నేటికిని ఆ బిళ్లయే ప్రమాణముగా నున్నది.

కాలిఫోర్నియా, నెవాడా రాష్ట్రముల యెల్లపై, సముద్రమట్టమునకు దాదాపు 1,900 మీటర్ల యెత్తున, కొండల నడుమ టాహో యను సరస్సు కలదు. దాని లోతు 501 మీటర్లు. 1873లో జాన్ లెకాంట్ అను భౌతికశాస్త్రాచార్యుడు అచ్చట భోజనము చేయు తెల్లని పళ్లెమునే దింపగా, అది 33 మీటర్ల లోతువరకు కనబడినది. 1968 మొదలు విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు క్రమము తప్పక కొలుచుచున్నారు. ఆ తొలియేటి సగటు 31 మీటర్లు. 2017 నాటి సగటు 18 మీటర్లు. ఏబదియేండ్లలో పదమూడు మీటర్ల చూపు పోయినది.

ఏల పోయినది? ఒడ్డున రోడ్లు, ఇండ్లు పెరిగి సన్నని ధూళి నీటిలో చేరినది. ఇది మనుష్యుడు నేరుగా చేసిన పని. వెంట్రుకకంటె ఎన్నోరెట్లు సన్నమైన ఆ నలుసులు ఏండ్ల తరబడి దిగక వెలుగును చెదరగొట్టును. అర కిలోమీటరు లోతుగల కుండకు చిల్లగింజలు ఎవరు అరగదీయగలరు? ఇక 2017లో ఏమైనదనగా, కొన్నియేండ్లు వరుసగా అనావృష్టి. ఆ వెనుక ఒక్క శీతకాలమున విపరీతమైన వర్షము, మంచు. ఎండి పొడియైయున్న మన్నంతయు ఒక్కుమ్మడిగా కొట్టుకొని వచ్చెను. లోకము వేడెక్కినకొలది ఇట్టి అతివృష్టి, అనావృష్టులు తీవ్రమగును. మంచుగా పడి మెల్లగా కరగవలసినది వానగా కురిసి ఒక్కసారిగా పరుగిడును.

ఇంతకంటె గూఢమైన మార్పు నీటిలోపల జరుగును. వెచ్చని నీరు తేలిక, చల్లని నీరు బరువు. వేసవిలో పైనీరు వెచ్చబడి క్రిందినీటిపై మూతవలె కూర్చుండును. చలికాలమున పైనీరు చల్లబడి దిగగా, గాలి తోడుపడగా, రెండును కలియును. అపుడు ప్రాణవాయువు అడుగునకు చేరును. అడుగున నున్న నత్రజని, భాస్వరములు పైకి వచ్చును. సరస్సు ఊపిరి పీల్చుట యిదియే. టాహో సరస్సు అడుగుదాక ఇట్లు కలియుట సగటున మూడునాలుగేండ్లకొకమారు. వేడిమి పెరిగినచో మూత బిగిసి, ఆ కలయిక అరుదగును. అడుగున ప్రాణవాయువు పూర్తిగా నశించినచో మట్టిలో బంధింపబడియున్న భాస్వరము విడివడి నాచునకు ఆహారమగును. మూత బిగిసిన నీటిలో బరువైన శైవలములు మునిగిపోగా, అతిసూక్ష్మమైనవి మాత్రము తేలుచుండును. టాహోలో సైక్లొటెల్లా యను గాజుపెంకు శైవలము ఇట్లే వృద్ధిపొందినదని 2009లో ప్రకటింపబడిన పరిశోధన చెప్పుచున్నది. వెలుగును చెదరగొట్టుటలో ఈ చిన్నవి ధూళికి తీసిపోవు.

మన కొల్లేరునకు ఈ లెక్క పట్టదు. అంత తక్కువ లోతుగల నీటిలో మూత నిలువదు. గట్టిగాలి వీచినచో అడుగుదాక కలగును. అచ్చట చేపలచెరువుల గట్లు, కాలువల మురుగు తెచ్చిన కష్టములను వేడిమి పద్దున వ్రాయుట న్యాయము కాదు.

టాహోలో సైతము అంతయు వేడిమి తప్పు కాదు. 1960ల నడుమ, పెద్దచేపలకు మేతయగునని యెంచి, రొయ్యవంటి చిన్నజీవి నొకదానిని తెచ్చి వదలిరి. అది పగలు లోతున దాగి చేపల నోట పడదయ్యెను. రాత్రి పైకి వచ్చి, నాచును తిని నీటిని శుభ్రపరచు నీటిపురుగులను తినివేసెను. ఈ మధ్య ఆ రొయ్యల సంఖ్య తనంత తాను పడిపోగా, నీటిపురుగులు మరల పెరిగి, 2022 కడపటి అయిదునెలలలో బిళ్ల 24 మీటర్లకు పైగా కనబడినది. 1980ల తరువాత అంత తేట కనబడలేదట! వేడిమి తగ్గకయే ఇంత మేలు కలిగినదనుట గమనింపదగినది.

ఇక టాంగన్యీకా. టాంజానియా, కాంగో, బురుండి, జాంబియా దేశముల నడుమ సుమారు 670 కిలోమీటర్లు సాగిన యీ సరస్సు 1,470 మీటర్ల లోతు కలది. ఉష్ణదేశపు సరస్సగుటచే అచ్చట చలికాలపు కలయిక లేదు. ఎండకారు గాలులే అడుగు సారమును కొంత పైకి తెచ్చును. పైనీటికిని క్రిందినీటికిని వేడిలో తేడా కొద్ది డిగ్రీలే. కాని నీటి స్వభావము విచిత్రము: 4 నుండి 5 డిగ్రీలకు పెరిగినపుడు బరువులో కలుగు తేడాకంటె, 24 నుండి 25కు పెరిగినపుడు కలుగు తేడా ఇరువదియైదు రెట్లకు మించును. కావున ఆ దేశమున ఒక్క డిగ్రీ పెరుగుటయే మూతను బిగించివేయును.

పైకి సారము రానిచో నాచు పెరుగదు. నాచు తగ్గినచో నీరు తేటపడును. పడవలో నున్నవానికి అది కన్నులపండువే. నాచు లేనిది దానిని తిను నీటిపురుగు లేదు. పురుగు లేనిది చేప లేదు. అచ్చటి జాలరులు చీకటిరాత్రులందు పడవలపై దీపములు వెలిగించి డగా యను చిన్నచేపలను పట్టుదురు. ఎండబెట్టిన ఆ చేపయే లక్షలకొలది బీదలకు మాంసాహారము. అచ్చటి నీటి సారము ఇరువదవ శతాబ్దమున సుమారు 20 శాతము తగ్గియుండవచ్చుననియు, దానినిబట్టి చేపలపంట 30 శాతము తరిగియుండుననియు 2003లో ఒక పరిశోధన గణించెను.

వలలు హెచ్చుటచేతనే చేపలు తగ్గినవని యనువారు కలరు. అందు సత్యము లేకపోలేదు. నేడు పట్టువారు మెండు. అయినను 2016లో ప్రకటింపబడిన మరియొక పరిశోధనయందు సరస్సు అడుగుమట్టిని పొరలుపొరలుగా తీసి, అందలి చేపల ముండ్లను, పొలుసులను లెక్కించిరి. 1950ల నాడు వ్యాపారపు వేట ఆరంభమగుటకు మునుపే, నీరు వేడెక్కుటతోపాటు, ఆ లెక్క తగ్గుముఖము పట్టినదని ఆ పొరలలో తేలినది.