మేధ్యౌషధములు - వృద్ధుల స్మృతి



వేదమును ఇన్ని తరములుగా మోసినది మనుష్యుని ధారణాశక్తియే. పదము, క్రమము, జట, ఘనము అని ఒకే మంత్రమును పలువిధముల వల్లె వేయించుట దానిని చెదరనీయకుండుటకే. అట్టి స్మృతి వార్ధక్యమున జారిపోవుచుండగా చూచుట ఇంటిల్లిపాదికి దుఃఖకరము. దీనికి ఔషధము కలదా అని మీలో పలువురు అడుగుచున్నారు.

చరకసంహిత చికిత్సాస్థానమున, రసాయనాధ్యాయమునందు, నాలుగు మేధ్య రసాయనములు చెప్పబడినవి. మండూకపర్ణి స్వరసము, అనగా మన సరస్వతీ ఆకు పసరు, పాలతో అతిమధుర చూర్ణము, వేరు, పువ్వులతో కూడిన తిప్పతీగ రసము, శంఖపుష్పి కల్కము. వీనిలో శంఖపుష్పి విశేషముగా మేధ్యమని ఆచార్యుల అభిప్రాయము. బ్రాహ్మి వేరొక మొక్క. తడినేలపై ప్రాకును, ఆకులు చిన్నవి, దళసరివి. కొన్ని ప్రాంతములలో రెండింటిని బ్రాహ్మి అనియే పిలుచుటచే ఒకదానికి మరియొకటి చేతికి వచ్చుట కలదు.

ఆధునికులు బ్రాహ్మిని పరీక్షించిరి. సుమారు 12 వారములు సేవించిన ఆరోగ్యవంతులకు కొన్ని జ్ఞాపక పరీక్షలలో కొంత మేలు కనబడినది. అయితే అవి చిన్న పరీక్షలు. అల్జీమర్స్ వ్యాధిని అది మాన్పునని ఋజువు కాలేదు. గింకో అను చైనా వృక్షపు ఆకుల సారముపై అమెరికాలో 3,000 మందికి పైగా వృద్ధులతో జరిగిన పరీక్ష ఫలితము 2008లో వెలువడినది. మతి తప్పు వ్యాధిని అది ఆపలేకపోయినది.

ఇక నా అపరాధము చెప్పవలెను. మా అన్నగారు ఘనాపాఠి. 70 దాటిన పిదప వారికి మరపు మొదలైనది. నేనే సరస్వతీ ఆకు తెప్పించి, వదినగారిచేత ప్రతి ఉదయము పసరు ఇప్పించితిని. శాస్త్రము చెప్పినది గదా యని ఎనిమిది నెలలు వైద్యుని చూడలేదు. తుదకు రక్తపరీక్షలో బి12 విటమిను మిక్కిలి తక్కువయని తేలినది. సూదిమందులతో కొంత తేరుకొనిరి. కొంత తిరిగి రాలేదు. ఆ ఎనిమిది నెలలు నేను పోగొట్టినవే.

ఆకు చెడ్డది కాదు. రోగమేదో తెలియకమునుపే మందు నిర్ణయించుట చెడ్డది. పరీక్షించి పిమ్మట చికిత్స చేయుమనుట ఆయుర్వేదము మాటయే. థైరాయిడు లోపము, మనోవ్యాకులత, కొన్ని మందుల ప్రభావము కూడ మరపును కలిగించును, ఇవి చక్కబడదగినవి. కావున మొదట వైద్యుని చూడుడు. ఏ మూలిక వాడుచున్నను ఆయనతో చెప్పుడు. అతిమధురము మితిమీరినచో రక్తపుపోటు పెంచును. తిప్పతీగ కొందరికి కాలేయమునకు హాని చేసినది.

మరియొక ఔషధము అంగడిలో దొరకదు. మా అన్నగారు కుమారుని పేరు తడబడిన దినమున గూడ, నేను పనస యెత్తగానే అందుకొనెడివారు. మీ పెద్దల ప్రక్కన కూర్చుండి వారెరిగిన స్తోత్రము మొదలుపెట్టుడు. అడిగినదే అడిగినను విసుగక బదులు చెప్పుడు. బాల్యమున వారు మనకు అట్లే చెప్పిరి.

స్వస్తి.